ఐదు కిలోల ఆసరా

మందుల షాపులో ఓ మూల, బీపీ మిషన్ల పెట్టెల పక్కన, నాలుగైదు అల్యూమినియం చేతికర్రలు నిలబెట్టి ఉంటాయి. వాటిని యంత్రాలని ఎవరూ అనుకోరు. కరెంటు లేదు, బ్యాటరీ లేదు, కదిలే భాగమంటూ చూస్తే ఒక్క గుండీ. "నాన్నగారు తూలిపోతున్నారు, ఓ కర్ర ఇవ్వండి" అంటే షాపతను చేతికందింది తీసి ఇస్తాడు, మనం డబ్బిచ్చి వచ్చేస్తాం. చొక్కా కొనేటప్పుడైనా కొలత చూసుకుంటాం గానీ కర్రకు కొలతేమిటి అనుకుంటాం. ఆ కర్రను విప్పి, భాగం తర్వాత భాగం చూస్తూ పోతే ఇందులో ఎంతమంది బుర్ర పెట్టారో తెలుస్తుంది. వయసు మళ్లిన మనిషి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బాత్రూము దాకా, వాకిలి దాకా, వీధి చివర గుడి దాకా వెళ్లి రావడానికి తయారైన సాధనాల్లో ఇంత తక్కువ సామానుతో ఇంత పని చేసేది మరొకటి నాకు కనబడలేదు.

కింది నుంచి మొదలుపెడదాం. కర్ర నేలను పట్టుకోకపోతే పైనున్న హంగులన్నీ వృథా.

అడుగున తొడిగిన నల్లటి రబ్బరు బుష్షును గొట్టం అరగకుండా పెట్టిన మూత అనుకునేవాళ్లే ఎక్కువ. పూర్వం పెద్దమనుషుల పొన్నుకర్రకు కింద ఇత్తడి పొన్నో ఇనుప పొన్నో ఉండేది; దాని ఉద్యోగం అచ్చంగా అదే, కర్ర కొస చీలకుండా, అరగకుండా చూడటం. మట్టి దారిలో ఆ పొన్ను కాస్త దిగబడి నిలిచేది. పాలిష్ పెట్టిన గ్రానైటు మీద, టైల్స్ మీద లోహం నిలవదు, సర్రున జారుతుంది. అందుకే రబ్బరు వచ్చింది. బుష్షును ఊడదీసి తిప్పి చూడండి. అడుగు భాగం గొట్టం కంటే దాదాపు రెట్టింపు వెడల్పుంటుంది. దాని మీద ఒకదాని లోపల ఒకటిగా వలయాలు చెక్కి ఉంటాయి. మధ్యభాగం కొంచెం లోపలికి గుంటగా ఉంటుంది. మనిషి బరువు పడగానే రబ్బరు నలిగి విచ్చుకుంటుంది, అంచులు నేలకు అతుక్కుంటాయి. తడి ఉంటే వలయాల మధ్య గాడుల్లోకి నీళ్లు తప్పుకుంటాయి, గట్టు మాత్రం నేలను తాకుతుంది.

బుష్షు లోపలికి వేలు పెడితే అడుగున గట్టిగా ఒక ఉక్కు బిళ్ల తగులుతుంది. నాణ్యమైన వాటికి మాత్రమే ఇది ఉంటుంది. అల్యూమినియం గొట్టం అంచు పదునైనది. రోజుకు వందలసార్లు మనిషి బరువుతో దిగితే మెత్తని రబ్బరును గుండ్రంగా కోసుకుంటూ బయటికి వచ్చేస్తుంది. ఉక్కు బిళ్ల ఆ కోతను ఆపి, బరువును అడుగంతా పరుస్తుంది. ఇక బుష్షు మెడ చూడండి, కింది భాగం కంటే సన్నగా, వంగేటట్టుగా ఉంటుంది. నడకలో కర్ర ఎప్పుడూ నిటారుగా దిగదు. ముందుకు వేసినప్పుడు ఒక పక్కకు వాలి దిగుతుంది, మనిషి దాన్ని దాటిపోయేసరికి మరో పక్కకు వాలి లేస్తుంది. ఆ వాలుడంతా మెడ వంపులో ఇమిడిపోయి, అడుగు మాత్రం నేలకు చదునుగా ఉండాలి. ఇంత చిన్న రబ్బరు ముక్క నేలను ఎంత పట్టుకోవాలి, దాన్ని ఎలా పరీక్షించాలి అని చెప్పడానికి విడిగా ఒక అంతర్జాతీయ ప్రమాణమే ఉంది: ఐఎస్ఓ 24415. కర్రలకు, వాకర్లకు వేరే ప్రమాణాలున్నా కొసకు ప్రత్యేకంగా రాసుకున్నారంటే, జరిగే ప్రమాదం అక్కడే జరుగుతుందని వాళ్లకు తెలుసు.

బుష్షు పైన గొట్టం. నిజానికి రెండు గొట్టాలు, ఒకదాంట్లో ఒకటి దూరేవి. బయటి గొట్టానికి దాదాపు అంగుళానికొకటి చొప్పున రంధ్రాలుంటాయి. లోపలి గొట్టంలో రెండు కాళ్లుగా వంచిన పల్చటి ఉక్కు పట్టీ ఒకటి ముడుచుకుని కూర్చుంటుంది, దాని చివర గుండీ. గుండీ నొక్కితే పట్టీ ముడుచుకుంటుంది, గొట్టం జరుగుతుంది. కావలసిన రంధ్రం రాగానే పట్టీ తనంతట తానే విచ్చుకుని గుండీని బయటికి తోస్తుంది. టక్కుమని శబ్దం వస్తుంది. ఆ శబ్దం వినడమే కాదు, గుండీ తల రంధ్రంలోంచి పూర్తిగా పైకి వచ్చిందో లేదో బొటనవేలితో తడిమి చూడాలి. సగం వచ్చిన గుండీ మామూలుగా నిలబడినట్టే ఉంటుంది, బరువు మొత్తం పడ్డ రోజున లోపలికి పోతుంది.

గుండీ కాక ఇంకో చిన్న సంగతి ఉంది. రెండు గొట్టాలు కలిసే చోట ఒక ప్లాస్టిక్ రింగు మరలా తిరుగుతుంది. బరువు మోసేది గుండీ, రింగు కాదు. ఒకదాంట్లో ఒకటి దూరాలంటే రెండు గొట్టాల మధ్య వెంట్రుకవాసి సందు తప్పదు. ఆ సందు వల్ల కర్ర వేసిన ప్రతిసారీ లోపలి గొట్టం అటూ ఇటూ కొట్టుకుని టిక్కుమంటుంది. రింగు బిగిస్తే ఆ సందు మూసుకుపోతుంది. వినడానికి ఇది ఏదో ముచ్చటకు పెట్టిన భాగంలా ఉంటుంది గానీ, చేతిలో వదులుగా కదిలే దాని మీద భయస్థుడైన మనిషి ఒళ్లు వాల్చడు. కర్ర ఉన్నా గోడే పట్టుకుంటాడు.

ఇన్ని రంధ్రాలెందుకంటే, ఎత్తు సరిపోవడం మీదే అంతా ఆధారపడి ఉంది. కొలత తేలిక. రోజూ వేసుకునే చెప్పులు వేసుకుని, చేతులు వదులుగా వేలాడేసి నిలబడాలి. మణికట్టు దగ్గర చర్మం మడతపడే గీత ఎక్కడుందో, కర్ర పిడి పైభాగం అక్కడికి రావాలి. అప్పుడు పిడి పట్టుకుంటే మోచెయ్యి కాస్త వంగుతుంది, ఇరవై ముప్పై డిగ్రీలు. ఆ వంపు కావాలనే వదిలింది. చెయ్యి కిందికి ఒత్తగలిగేది ఆ వంపును నిటారు చేసే బలంతోనే. కర్ర పొడుగైతే మోచెయ్యి ఎక్కువ వంగి ఒత్తలేకపోతుంది, భుజం చెవుల దాకా లేస్తుంది, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. పొట్టిదైతే మనిషి ముందుకు ఒంగుతాడు, ఒంగినవాడు తూలుతాడు. చెప్పుల మాట ఎందుకన్నానంటే, ఆసుపత్రిలో వట్టికాళ్లతో కొలిచి, ఇంట్లో మందపాటి ఎంసీఆర్ చెప్పులతో తిరిగితే లెక్క ఒక రంధ్రం తప్పినట్టే.

పిడి గురించి ఎంత చెప్పినా తక్కువే. గొడుగు పిడిలా వంగిన వంకీ అన్నిటికంటే పాతది. మోచేతికి తగిలించుకోవచ్చు, కుర్చీకి వేలాడదీయొచ్చు. ఆ సౌకర్యం తక్కువేమీ కాదు, రెండు చేతులూ ఖాళీ అయితే గాని గుడిలో హారతి తీసుకోలేం. కానీ వంకీ మీద అరచెయ్యి పడే చోటు గొట్టానికి సూటిగా పైన ఉండదు, పక్కకుంటుంది. గట్టిగా ఒత్తితే కర్ర చేతిలో తిరగబోతుంది, తిరగకుండా పట్టడానికి వేళ్లు బిగించాలి. పైగా గుండ్రటి పిడి బరువంతా అరచేతిలో ఒకే గీత మీద మోపుతుంది. దీనికి విరుగుడుగా వచ్చింది హంసమెడ కర్ర. పైకి రాగానే గొట్టం ముందుకు వంగి, మళ్లీ వెనక్కి తిరిగి చదునుగా పిడి అవుతుంది. ఆ వంపు అందానికి పెట్టింది కాదు. దాని వల్ల అరచేతి మధ్యభాగం సరిగ్గా కింది గొట్టం తలమీదికి వస్తుంది. ఒత్తిడి తిన్నగా నేలకు దిగిపోతుంది, కర్ర తిరగదు, వేళ్లు బిగించే పని తగ్గుతుంది. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయినవారికి ఇంకోరకం పిడి ఉంది: అరచేతి ఆకారానికి అచ్చు తీసినట్టు వెడల్పుగా ఉంటుంది. దీంట్లో కుడిచేతిది వేరు, ఎడమచేతిది వేరు. షాపులో ఈ తేడా చెప్పేవాళ్లు తక్కువ, కనుక మనమే పట్టుకు చూసుకోవాలి.

పిడి లావు కూడా లెక్కే. సన్నటి పిడిని పట్టాలంటే వేళ్లు పూర్తిగా ముడవాలి. వాచిన కీళ్లకు నొప్పి పుట్టేది ఆ ముడుపులోనే. లావైతే వేళ్లు సగం ముడిచినా పట్టు చిక్కుతుంది. ఇదే సూత్రం వంటింట్లో ఒక పెద్ద వ్యాపారానికి పునాది అయింది. అమెరికాలో శామ్ ఫార్బర్ అనే వ్యాపారి భార్య బెట్సీకి చేతుల్లో కీళ్లవాతం. కూరగాయల తొక్క తీసే పీలర్ పట్టుకోలేక ఆమె అవస్థ పడటం చూసి, 1990లో న్యూయార్క్‌లోని స్మార్ట్ డిజైన్ సంస్థతో కలిసి లావుపాటి మెత్తటి పిడుల సామాను తెచ్చాడాయన. ఓఎక్స్ఓ గుడ్ గ్రిప్స్ అంటే అదే. పిడి పక్కన వేలు ఆనే చోట సన్నటి రబ్బరు రెక్కలు వరసగా ఉంటాయి. ఎవరి వేలు పడితే వారి వేలికి తగినట్టు అణుగుతాయి. జబ్బుమనిషి సామానని ఎక్కడా రాయలేదు. కీళ్లు బాగున్నవాళ్లూ కొనుక్కున్నారు. చేతికర్ర చేసేవాళ్లు ఈ చివరి సంగతి ఇంకా పూర్తిగా నేర్చుకోలేదని నా అభిప్రాయం. కర్ర ఇప్పటికీ ఆసుపత్రి రంగులోనే ఉంటుంది, అందుకే పెద్దవాళ్లు దాన్ని తలుపు వెనక దాస్తారు.

ఇక భాగాలన్నీ కలిసి చేసే పనికి వద్దాం. ఎడమ తుంటి నొప్పిగా ఉంటే కర్ర ఏ చేత్తో పట్టాలి? అడిగితే పదిమందిలో ఎక్కువమంది ఎడమ చేత్తో అంటారు, నొప్పి ఉన్న పక్కే ఆసరా ఇవ్వాలి కదా అని. కాదు, కుడి చేత్తో. ఎందుకో తెలియాలంటే చిన్న లెక్క వెయ్యాలి.

అరవై కిలోల మనిషి అనుకుందాం. నడకలో ఒక కాలు గాల్లో ఉన్న క్షణంలో రెండో కాలి తుంటి మీద, ఆ కాలి సొంత బరువు దాదాపు పది కిలోలు పోగా, 50 కిలోలు నిలబడతాయి. అవి తుంటి కీలుకు సరిగ్గా పైన ఉండవు. బరువు శరీరం మధ్యలో ఉంది, కీలు పక్కకుంది. మధ్య దూరం సుమారు 10 సెంటీమీటర్లు అనుకోండి. వదిలేస్తే నడుం రెండో పక్కకు ఒరిగిపోతుంది. ఒరగకుండా లాగిపట్టేవి తుంటి బయటి వైపు కండరాలు. వాటికి కీలు నుంచి దొరికే దూరం సగమే, 5 సెంటీమీటర్లు. ఒక కాడ పొడుగు, ఒక కాడ పొట్టి అయిన త్రాసు ఇది: పొడుగు కాడకు 50 కిలోలు వేలాడితే పొట్టి కాడ దగ్గర 100 కిలోల లాగుడు కావాలి. కీలు నలిగేది ఈ రెంటి మధ్యే కనుక దాని మీద పడేది 150 కిలోలు. అరవై కిలోల మనిషికి ప్రతి అడుగులోనూ ఒక్క కీలు మీద 150 కిలోలు! అరిగిన తుంటి మూలగడంలో వింతేముంది.

ఇప్పుడు ఎదుటి చేతికి కర్ర ఇవ్వండి. కర్ర ఆనే చోటు ఈ కీలుకు దాదాపు 40 సెంటీమీటర్ల దూరం. చెయ్యి ఐదు కిలోలు ఒత్తితే చాలు. శరీరం ఒరుగుడు 50 గుణించు 10, అంటే 500. కర్ర తిరిగి నెట్టేది 5 గుణించు 40, అంటే 200. మిగిలిన 300ని కండరం దూరం 5తో భాగిస్తే 60. కండరాలు 100కు బదులు 60 కిలోలు లాగితే సరిపోయింది. పైనున్న బరువులోంచి కర్ర తీసుకున్న ఐదు పోగా 45. మొత్తం కీలు మీద 105. చెయ్యి ఇచ్చింది ఐదు కిలోలు, కీలుకు తగ్గింది 45 కిలోలు. ఒకటికి తొమ్మిది. అదే కర్ర నొప్పి ఉన్న పక్క చేత పట్టుకుంటే ఈ పొడుగు కాడే ఉండదు. ఒరుగుడును ఆపడానికి మనిషి మొండెం మొత్తాన్ని కర్ర మీదికి వాల్చి కుంటాలి.

ఇది కాగితం మీద లెక్క, అంకెలు కొలతకు దగ్గరగా గుండ్రం చేసినవి. నిజమైన నడకలో తగ్గుదల ఇంత పొందిగ్గా ఉండదు, ఇంతకంటే తక్కువే. కానీ సూత్రం నిలబడింది. తుంటి మీద పడే బలాలను జర్మనీకి చెందిన ఎముకల డాక్టరు ఫ్రీడ్రిక్ పావెల్స్ 1930లలోనే ఇలా విడదీసి చూపించాడు. 1956లో అమెరికాలో వాల్టర్ బ్లౌంట్ అనే ఎముకల డాక్టరు, కర్రను అవతల పారేయకండని తోటి డాక్టర్లకు చెబుతూ ఏకంగా ఆ పేరుతోనే ఓ వ్యాసం రాశాడు. ఆపరేషన్ల కాలం మొదలవుతున్న రోజుల్లో ఓ సర్జన్ కర్ర తరఫున వకాల్తా పుచ్చుకోవడం నాకు ముచ్చటేస్తుంది.

ఒంటి బరువు అసలు మొయ్యకుండా కూడా కర్ర సాయం చేస్తుంది. 1990లలో జరిగిన ప్రయోగాల్లో, నిలబడ్డ మనిషి స్థిరంగా ఉన్న వస్తువును వేలికొసతో తాకితేనే, వంద గ్రాముల కంటే తక్కువ ఒత్తిడితోనే, ఒంటి ఊగిసలాట స్పష్టంగా తగ్గిందని తేలింది. అంత ఒత్తిడి ఎవరినీ నిలబెట్టలేదు. నేల ఎక్కడుందో, తను ఎటు వాలుతున్నాడో వేలి ద్వారా మెదడుకు కబురు అందుతోంది, అంతే. మధుమేహంతో పాదాలు మొద్దుబారినవారికి నేల కబురు పాదాల నుంచి రాదు. వారికి కర్ర మూడో కాలు కంటే ముందు మూడో అరికాలు. చూపు మందగించినవారికి కూడా. గొట్టం గట్టిగా, వదులు లేకుండా ఉండాలనడానికి ఇది రెండో కారణం. కబురు మధ్యలో చెదరకూడదు.

ఒక కొస చాలనివారికి నాలుగు కాళ్ల కర్ర ఉంది, పక్షవాతం వచ్చి తేరుకుంటున్నవారికి తరచు ఇచ్చేది. తనంతట తాను నిలబడుతుంది కనుక వంగి నేలమీది నుంచి ఏరుకోవాల్సిన పని లేదు. దీని అడుగు చూస్తే రెండు కాళ్లు బారుగా ఒక పక్కకు చాచి ఉంటాయి, రెండు కుదురుగా లోపలికి ఉంటాయి. చాచిన కాళ్లు బయటి వైపు, కుదురైనవి మనిషి వైపు ఉండాలి. తిరగేసి పట్టుకుంటే సొంత పాదమే తట్టుకుంటుంది. చెయ్యి మారితే గుండీ నొక్కి పిడిని వెనక్కి తిప్పుకోవచ్చు. నాలుగు కొసలూ ఒక్కసారే నేలను తాకాలి కనుక ఇది నిదానంగా నడిచేవారికే. త్వరగా నడిస్తే ఊగుతుంది.

ఆ తర్వాత మెట్టు వాకర్. మూడు పక్కల అల్యూమినియం గొట్టాలు, నాలుగు కాళ్లు, మనిషి మధ్యలో. రెండు మూడు కిలోల బరువే గానీ నేలమీద నాలుగు మూలలా పరుచుకున్న ఆసరా. కాళ్లు కిందికి వచ్చేకొద్దీ కాస్త విచ్చుకుని ఉంటాయి, పక్కకు ఒరగకుండా. ముందు అడ్డ గొట్టం దగ్గర బొత్తాం నొక్కితే పక్కలు మడత పడి ఆటోలో పడుతుంది. దీని నడక ఒక వరస: ఫ్రేము ముందు, నొప్పి కాలు తర్వాత, మంచి కాలు చివర. పాదం వాకర్ వెనక కాళ్ల మధ్యదాకా వస్తే చాలు, ముందు గొట్టం దాకా చొచ్చుకుపోతే వెనక్కి పడే భయముంది. కుర్చీలోంచి లేచేటప్పుడు వాకర్‌ను పట్టి లాగితే అది మీదికే వస్తుంది. కుర్చీ చేతులను కిందికి ఒత్తి లేచి, ఆ తర్వాత వాకర్ అందుకోవాలి.

వాకర్‌లో ఒక లోపం ఉంది, దాన్ని సరిదిద్దే ప్రయత్నాల చరిత్రే మిగతా కథ. అడుగడుగుకీ ఫ్రేమును ఎత్తి ముందు పెట్టాలి. ఎత్తిన ఆ క్షణంలో ఆసరా లేదు. ఆసరా అక్కరున్నవాడికే ఆ క్షణం వస్తుంది, అదీ పదే పదే. ముందు కాళ్లకు చిన్న చక్రాలు తొడిగి వెనక రబ్బరు కాళ్లు ఉంచితే ఎత్తకుండా తోసుకుపోవచ్చు, బరువు మోపగానే వెనక కాళ్లు నేలను పట్టేస్తాయి. బ్రేకు మీట లేదు, తీగ లేదు, మనిషి బరువే బ్రేకు. అమెరికాలో వృద్ధులు ఈ వెనక కాళ్లకు టెన్నిస్ బంతులు కోసి తొడుక్కునేవారు. చప్పుడు లేకుండా జారుతుంది, గచ్చు గీతలు పడదు. ఏ ఇంజనీరూ గీయని డిజైను అది, వాడేవాళ్లు కనిపెట్టుకున్నది.

వాడేవాళ్లే కనిపెట్టుకోవడమంటే ఐనా విఫాల్క్ గురించి చెప్పాలి. స్వీడన్‌లో 1928లో పుట్టిన ఈమె నర్సు చదువు చదువుతుండగా ఇరవై ఒకటో ఏట పోలియో వచ్చింది. ఆ కాళ్లతోనే వెస్తెరోస్ పట్టణంలో ఉద్యోగం చేస్తూ, వికలాంగుల కోసం పాటుపడుతూ, 1978లో నాలుగు చక్రాల నడక బండికి రూపమిచ్చింది. రోలేటర్ అంటే అదే. పేటెంటు తీసుకోలేదు. 1983లో చనిపోయింది. ఇవాళ యూరప్ వీధుల్లో తెల్లజుట్టువాళ్ల చేతుల్లో కనబడే ప్రతి రోలేటరూ ఆ గీతలోంచి వచ్చిందే.

రోలేటర్‌లో ముందు చక్రాలు ఎటైనా తిరుగుతాయి, వెనక చక్రాలు తిన్నగానే పోతాయి. మలుపు తేలిక, దారి మాత్రం తప్పదు. పిడి కింద సైకిల్ బ్రేకులాంటి మీట, దాన్నుంచి తీగ వెనక చక్రానికి. మీటను పైకి లాగితే వేగం తగ్గుతుంది, కిందికి నొక్కితే టక్కున పడి చక్రం పూర్తిగా ఆగిపోతుంది. ఒకే మీట, రెండు దిక్కులు, రెండు పనులు. వేళ్లు బలంగా ముడవలేనివారు అరచేత్తో కిందికి నొక్కేయొచ్చు. మధ్యలో కూర్చోవడానికి సీటు. నడుం వెనక ఆనడానికి పట్టీ. సామాన్లకు సంచి. ఈ సీటుతోనే నడక సాధనం కాస్తా ఊరు తిరిగే సాధనమైంది. సగం దారిలో ఆయాసం వస్తే ఎక్కడ కూర్చోవాలన్న భయమే చాలామందిని ఇంట్లో కట్టిపడేసేది. అయితే అలసిపోయేవారికే రోలేటర్, బరువు మోపి నడిచేవారికి కాదు. ఒళ్లంతా వాలిస్తే చక్రాలు ముందుకు పారిపోతాయి. ఈ తేడా చెప్పకుండా, ఖరీదైంది కనుక మంచిదని కొనిపెట్టే పిల్లలున్నారు, విదేశాల నుంచి మోసుకొచ్చేవారు కూడా.

పార్కిన్సన్స్ జబ్బులో నడుస్తూ నడుస్తూ పాదాలు నేలకు అంటుకుపోయినట్టు ఆగిపోతాయి. అక్కడ బలం తక్కువై కాదు, అడుగు మొదలుపెట్టే ఆజ్ఞ లోపల చిక్కుకుపోయింది. విచిత్రంగా, ఎదురుగా నేలమీద ఒక గీత కనబడితే దాన్ని దాటడానికి అడుగు పడుతుంది. కొందరు రోగులు వంకీ కర్రను తలకిందులుగా పట్టుకుని, వంకీని పాదం ముందు పెట్టి దాన్ని దాటేవారు. ఆ చిట్కాను పట్టుకుని తర్వాత కర్రలకు, రోలేటర్లకు చిన్న లేజర్ దీపాలు అమర్చారు; బొత్తాం నొక్కితే పాదాల ముందు ఎర్రటి గీత పడుతుంది. ఆగిన మనిషి గీత దాటి కదులుతాడు.

ఇదంతా మన ఇళ్లలోకి వచ్చేసరికి గడప దగ్గర ఆగుతుంది. పసుపు రాసి బొట్లు పెట్టిన రెండు మూడు అంగుళాల గడపను చక్రాల వాకర్ దాటలేదు, రోలేటర్ ముందు చక్రం తట్టుకుంటుంది. పెద్ద చక్రం ఎత్తును తేలిగ్గా ఎక్కుతుంది, అందుకే బయట తిరిగే రోలేటర్లకు ఎనిమిది అంగుళాల చక్రాలుంటాయి. కొన్నిటికి వెనక పాదంతో తొక్కే చిన్న మీట ఉంటుంది, తొక్కితే ముందు చక్రాలు లేస్తాయి. మన బాత్రూము తలుపులు కొన్ని రెండడుగులే. వాకర్ కింది భాగం వెడల్పు కూడా దాదాపు అంతే ఉంటుంది కనుక చాలామంది దాన్ని అడ్డంగా తిప్పి, పక్కవాటుగా నడిచి లోపలికి పోతారు. ఇంతకంటే ప్రమాదం లేదు, అదీ తడినేల మీద. కొనేముందు తలుపు కొలిచేవారిని నేను చూడలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో అత్యవసరమైన సహాయక పరికరాలు యాభై ఎంచి జాబితా చేసినప్పుడు కర్రలకు, వాకర్లకు, రోలేటర్లకు మూడిటికీ వేర్వేరుగా చోటిచ్చింది. మన దేశంలో పేద వృద్ధులకు వీటిని ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న నెల్లూరులోనే మొదలైంది. చేతికర్ర, మోచేతి కర్ర, వాకర్, మూడు నాలుగు కాళ్ల కర్రలు, వినికిడి యంత్రం, చక్రాల కుర్చీ, కట్టుడు పళ్లు, కళ్లద్దాలు అందులో ఉన్నాయి. పరికరాలు సమకూర్చేది కాన్పూరులోని ప్రభుత్వ సంస్థ ఆలిమ్కో. శిబిరాల్లో కొలతలు చూసి ఇవ్వాలన్నది దాని పద్ధతి. అయితే చేతికొచ్చాక ఆర్నెల్లకో ఏడాదికో ఆ కర్రను తిరిగి చూడాల్సింది ఇంట్లోవాళ్లే.

కనుక మీ ఇంట్లో కర్ర ఉంటే ఇవాళే తిప్పి అడుగు చూడండి. వలయాలు అరిగి నున్నగా ఉంటే బుష్షు మార్చండి, ఆసుపత్రి సామాన్ల షాపులో విడిగా దొరుకుతుంది, కర్ర ఖరీదులో పిసరంత. గుండీ పైకి వచ్చిందో లేదో తడమండి, రింగు బిగించండి. పెద్దాయన్ను చెప్పులేసుకుని నిలబడమని మణికట్టు గీతకు పిడి సరిపోతుందో లేదో చూడండి. ఎదుటి చేత్తో పట్టుకోమనండి. మెట్లెక్కేటప్పుడు బలమున్న కాలు ముందు, దిగేటప్పుడు కర్రా నొప్పి కాలూ ముందు.